బోధనకు సహాధ్యాపక సమీక్ష: కృష్ణపట్నం తీర విద్యాసంస్థల నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం

విశ్వవిద్యాలయ అధ్యాపకుని పరిశోధన అచ్చు కావడానికి ముందే తోటి పండితుల పరిశీలనకు లోనవుతుంది. అదే అధ్యాపకుని బోధన ఉద్యోగంలో చేరిన రోజు నుంచి పదవీ విరమణ రోజు వరకు తోటివారి కంట పడకుండానే సాగిపోవచ్చు. ఈ వ్యత్యాసాన్ని తొలగించడానికి ఏర్పడిన పద్ధతి సహాధ్యాపక సమీక్ష. దాని స్వరూపం, వికాసం, ప్రస్తుత నిబంధనలలో బోధనకు దక్కుతున్న స్థానం, కాళిదాసు నాటకంలో కనిపించే ఒక పూర్వరూపం, కృష్ణపట్నం తీర ప్రాంత తరగతులకు ఈ పద్ధతి ఎలా వర్తిస్తుందనే విషయం ఈ వ్యాసంలో వివరింపబడుతున్నాయి. ఈ సమీక్ష పదోన్నతి నిర్ణయాలకు దూరంగా ఉన్నప్పుడే బోధనకు మేలు చేస్తుందనేది వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: సహాధ్యాపక సమీక్ష, ఉన్నత విద్య, బోధనా సంపుటి, నిర్మాణాత్మక మూల్యాంకనం, సూక్ష్మబోధన, మాళవికాగ్నిమిత్రం, కృష్ణపట్నం, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం.

1. ఉపోద్ఘాతం

నెల్లూరుకు తూర్పున, ముత్తుకూరు మండలంలో, కండలేరు ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట కృష్ణపట్నం ఉంది. ఒకప్పుడు బకింగ్‌హామ్ కాలువ మీద పడవలు సాగిన ఈ తీరంలో 2008 నుంచి పెద్ద నౌకాశ్రయం పనిచేస్తున్నది. చుట్టూ మత్స్యకార గ్రామాలు, రొయ్యల గుంటలు, తాప విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. ముత్తుకూరులో 1991లో మత్స్యశాస్త్ర కళాశాల ఏర్పడింది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయ స్థాపనతో అది ఆ విశ్వవిద్యాలయ పరిధిలోకి వచ్చింది. కృష్ణపట్నం నౌకాశ్రయం ప్రారంభమైన 2008లోనే జిల్లాకు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం కూడా వచ్చింది. అంతకుముందు జిల్లాలోని డిగ్రీ కళాశాలలు 1954లో తిరుపతిలో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేవి. కాకుటూరు ప్రాంగణంలో తెలుగు సాహిత్యం మొదలు సముద్ర జీవశాస్త్రం వరకు వివిధ విషయాలు బోధింపబడుతున్నాయి.

ఈ తరగతులకు వచ్చే విద్యార్థులలో చాలామంది తమ కుటుంబాలలో కళాశాల మెట్లెక్కిన తొలితరం వారు. వలల గురించి, గుంటల గురించి, రేవు పనుల గురించి వారికి ఇంటి నుంచే కొంత తెలుసు. కాని పాఠ్యగ్రంథాల భాష వారికి కొత్త. అధ్యాపకుడు చెప్పినది వారికి ఎంతవరకు చేరుతున్నదో తెలుసుకోవడానికి హాజరు పట్టిక చాలదు, సంవత్సరాంతపు మార్కులు కూడా చాలవు. తరగతిలో జరుగుతున్నదాన్ని అర్థం చేసుకోగల మరొక అధ్యాపకుడు ఆ గదిలో కూర్చోవలసి ఉంటుంది. సహాధ్యాపక సమీక్ష అవసరం ఇక్కడే మొదలవుతుంది.

2. భావన, పరిధి

ఒక అధ్యాపకుని బోధనను తత్సమాన స్థాయి గల మరొక అధ్యాపకుడు ముందుగా అంగీకరించుకున్న పద్ధతిలో పరిశీలించి, తాను గమనించినదాన్ని అతనితో చర్చించడమే సహాధ్యాపక సమీక్ష. దీనిని పైఅధికారి తనిఖీగా భావించరాదు. తనిఖీలో ప్రశ్నించేవారు ఒకరు, జవాబు చెప్పుకొనేవారు మరొకరు. సమీక్షలో ఇద్దరూ ఒకే పని చేసేవారు, ఈ వారం పరిశీలించినవారు వచ్చే వారం పరిశీలింపబడతారు.

ఈ సమీక్ష తరగతి గదికే పరిమితం కాదు. పాఠ్యప్రణాళిక, చదవమని ఇచ్చిన గ్రంథాల పట్టిక, ప్రశ్నపత్రాలు, అసైన్‌మెంట్లు, విద్యార్థులు రాసిన జవాబులు, వాటి మీద అధ్యాపకుడు రాసిన వ్యాఖ్యలు కూడా దాని పరిధిలోకి వస్తాయి. గంటసేపటి ఉపన్యాసం చక్కగా ఉండవచ్చు. అయితే ఆ పత్రానికి ఇచ్చిన ప్రశ్నలన్నీ కంఠస్థాన్నే కోరుతుంటే ఆ ఉపన్యాస ఫలితం సగమే. ఇది తరగతిలో కూర్చున్న పరిశీలకునికి కనిపించదు, ప్రశ్నపత్రం చూసిన సమీక్షకునికి కనిపిస్తుంది.

విద్యార్థుల అభిప్రాయ సేకరణకు ఇది ప్రత్యామ్నాయం కూడా కాదు. అధ్యాపకుడు వేళకు వస్తున్నాడా, మాట స్పష్టంగా ఉన్నదా, సందేహాలను ఓపికగా వింటున్నాడా అనేవి విద్యార్థులు బాగా చెప్పగల విషయాలు. చెప్పిన విషయం నేటి పరిశోధనకు అనుగుణంగా ఉన్నదా, ఎంచుకున్న ఉదాహరణ ఆ భావనకు తగినదా అనే విషయాలను ఆ శాస్త్రం తెలిసిన తోటివారే చెప్పగలరు.

3. నిబంధనలలో బోధన స్థానం

యు.జి.సి. 2018 జూలై 18న ప్రకటించిన అధ్యాపక అర్హతల, పదోన్నతుల నిబంధనలలో బోధనకు ఒక మదింపు ఉంది. తనకు కేటాయించిన తరగతులలో 80 శాతం, అంతకు మించి తీసుకున్న అధ్యాపకుని బోధన 'మంచిది'. 70 శాతం నుంచి 80 శాతం లోపు ఉంటే 'సంతృప్తికరం'. 70 శాతానికి తగ్గితే 'సంతృప్తికరం కాదు'. పాలన, పరీక్షలు, విద్యార్థి కార్యక్రమాలు మొదలైనవి మరొక అంశంగా లెక్కకు వస్తాయి.

ఈ కొలత ప్రయోజనం కాదనలేనిది. తరగతికి రాని అధ్యాపకుడు ఎంత పండితుడైనా విద్యార్థికి ఉపయోగం లేదు. అయితే ఇది కొలిచేది తరగతుల సంఖ్యను మాత్రమే. నూరు తరగతులలో ఎనభై రెండింటిని నోట్సు చెప్పి రాయించడానికి వాడిన అధ్యాపకునికీ, అదే ఎనభై రెండింటిలో విద్యార్థుల చేత చదివించి, అడిగించి, రాయించిన అధ్యాపకునికీ దక్కే మాట ఒక్కటే: 'మంచిది'.

అదే నిబంధనలలోని పరిశోధన పట్టికను దీని పక్కన పెట్టి చూడవచ్చు. సమీక్షిత పత్రికలో అచ్చయిన ఒక్కొక్క వ్యాసానికి భాషలు, మానవీయ శాస్త్రాల అధ్యాపకులకు 10 పాయింట్లు, విజ్ఞానశాస్త్రాల వారికి 8 పాయింట్లు లభిస్తాయి. అక్కడ పాయింటు వెనుక తోటి పండితుని తీర్పు ఉంది. వ్యాసం చదివినవారు, లోపాలు చూపినవారు, సవరణలు కోరినవారు ఉన్నారు. బోధన విషయంలో పాయింటు వెనుక రిజిస్టరు మాత్రమే ఉంది. యువ అధ్యాపకుడు తన సమయాన్ని ఎటు మళ్ళించాలో ఈ రెండు పట్టికలే అతనికి నేర్పుతాయి.

మత్స్యశాస్త్రం వంటి వ్యవసాయానుబంధ విద్యలకు భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రమాణాలు వేరుగా ఉన్నాయి. అందువల్ల కాకుటూరు అధ్యాపకులు, ముత్తుకూరు అధ్యాపకులు ఒకే తీరంలో పనిచేస్తున్నా వేర్వేరు వ్యవస్థలకు చెందినవారు. ఈ విషయానికి గల ఒక ప్రయోజనం ఈ వ్యాసంలో తరువాత వివరింపబడుతుంది.

4. ఇప్పటికే ఉన్న పరిశీలనా రూపాలు

తోటివారి పరిశీలన అనేది ఉన్నత విద్యలో లేదని చెప్పడానికి వీలులేదు. అది నాలుగైదు రూపాలలో ఉంది. ఒక్కొక్కటీ బోధనకు ఎంత దగ్గరగా వస్తున్నదో చూడవలసి ఉంది.

4.1 సిద్ధాంత గ్రంథ పరీక్ష: పిహెచ్.డి. గ్రంథాన్ని బయటి విశ్వవిద్యాలయ ఆచార్యులు పరీక్షిస్తారు. వైవా బహిరంగంగా జరుగుతుంది. ఇక్కడ పరీక్షకు వచ్చేది పరిశోధన. పర్యవేక్షకుడు ఎలా నేర్పాడనే ప్రశ్న సాధారణంగా రాదు.

4.2 స్పాట్ వాల్యుయేషన్: మూల్యాంకన శిబిరంలో ఒక కళాశాల అధ్యాపకుడు ఇతర కళాశాలల విద్యార్థుల జవాబుపత్రాలను వందల సంఖ్యలో దిద్దుతాడు. ఒక భావనను ఒక కట్టలోని విద్యార్థులందరూ ఒకే విధంగా తప్పుగా రాయడం అతనికి కనిపిస్తుంది. అది విద్యార్థి తప్పు కంటే బోధనలోనో, వాడుకలో ఉన్న గైడులోనో ఉన్న లోపానికి ఆనవాలు. బోధనకు సంబంధించి ఇంత విలువైన సాక్ష్యం మరొక చోట దొరకదు. కాని కోడింగు వల్ల ఆ కట్ట ఏ కళాశాలదో తెలియదు. మార్కులు మాత్రమే వెళతాయి, గమనించిన విషయం శిబిరంలోనే ఉండిపోతుంది.

4.3 న్యాక్ పీర్ టీమ్: 1994లో యు.జి.సి. బెంగళూరు కేంద్రంగా నెలకొల్పిన న్యాక్, సంస్థలను చూడడానికి పంపే బృందం పేరులోనే 'పీర్' అనే మాట ఉంది. 2017లో సవరించిన విధానంలో దాదాపు 70 శాతం బరువు గణాంకాలకు, మిగిలినది ఈ బృందం నిర్ణయానికి లభించింది. ఈ బృందం అంచనా వేసేది సంస్థను. ఒక అధ్యాపకుడు ఒక పత్రాన్ని ఎలా బోధిస్తున్నాడనేది దాని ప్రధాన విషయం కాదు.

4.4 అకడమిక్ ఆడిట్: ప్రభుత్వ డిగ్రీ కళాశాలలలో ఒక కళాశాల అధ్యాపకులు మరొక కళాశాలకు వెళ్ళి బోధనా ప్రణాళికలను, బోధనా దినచర్యలను, హాజరు పట్టికలను, ఫలితాలను పరిశీలిస్తారు. సహాధ్యాపక సమీక్షకు ఇది చాలా దగ్గరి రూపం. దీని దృష్టి ప్రధానంగా రికార్డుల మీద నిలుస్తుంది.

4.5 సూక్ష్మబోధన: స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1960ల తొలి సంవత్సరాలలో రూపొందిన ఈ పద్ధతి మన బి.ఇడి. కళాశాలలలో స్థిరపడింది. భారతీయ నమూనాలో ఒక ఆవృత్తికి 36 నిమిషాలు: 6 నిమిషాలు బోధన, 6 నిమిషాలు పరిపుష్టి, 12 నిమిషాలు పునఃప్రణాళిక, 6 నిమిషాలు పునర్బోధన, 6 నిమిషాలు పునఃపరిపుష్టి. తోటి ఛాత్రోపాధ్యాయులే విద్యార్థులుగా, పరిశీలకులుగా కూర్చుంటారు. తోటివారు బోధనను చూసి, మాట్లాడి, మళ్ళీ బోధింపజేయడం ఇందులో స్పష్టంగా ఉంది.

ఇక్కడ ఒక వైపరీత్యం గమనింపదగినది. ఆరో తరగతికి పాఠం చెప్పబోయే వ్యక్తి తోటివారి ముందు బోధించి, వారి వ్యాఖ్యలు విని, సవరించుకొన్న తరువాతనే పాఠశాలకు వెళుతున్నాడు. ఎం.ఏ. తరగతికి బోధించే వ్యక్తికి నెట్ లేదా పిహెచ్.డి. ఉంటే చాలు. 1980ల చివర ఏర్పడిన అకడమిక్ స్టాఫ్ కాలేజీలు, వాటి తరువాతి రూపాలు ఓరియంటేషన్, రిఫ్రెషర్ శిక్షణలు ఇస్తున్నా, శిక్షణ ముగిసి తన తరగతికి తిరిగివచ్చిన అధ్యాపకుడు మళ్ళీ ఒంటరివాడే.

5. కాళిదాసు చూపిన పూర్వరూపం

ఒక గురువు బోధనను జ్ఞానవంతులు పరిశీలించడమనే భావన ఈ దేశ సాహిత్యానికి కొత్తది కాదు. కాళిదాసు మాళవికాగ్నిమిత్ర నాటకం మొదటి రెండు అంకాలలో ఇది కథాంశమే. గణదాసు, హరదత్తుడు అనే ఇద్దరు నాట్యాచార్యులు తమలో ఎవరు గొప్ప అని వాదానికి దిగి అగ్నిమిత్ర మహారాజు ముందుకు వస్తారు. నిర్ణేతగా పరివ్రాజిక కౌశికి నియుక్తురాలవుతుంది.

ఈ ఘట్టంలో మూడు విషయాలు సహాధ్యాపక సమీక్షకు నేరుగా వర్తిస్తాయి. మొదటిది, కౌశికి ప్రతిపాదించిన ప్రమాణం. కొందరికి విద్య తమలో మాత్రమే బాగా నిలిచి ఉంటుంది, కొందరికి దానిని ఇతరులకు అందించడంలో నేర్పు ఉంటుంది, రెండూ గలవాడే ఆచార్యులలో అగ్రగణ్యుడని ఆమె అభిప్రాయం. అందువల్ల పరీక్షింపవలసింది గురువుల వాదపటిమను కాదు, శిష్యుల ప్రదర్శనను. బోధనను విద్యార్థి అభ్యసనం ద్వారా చూడాలనే నేటి సూత్రానికి ఇది సన్నిహితమైన భావన.

రెండవది గణదాసు వైఖరి. కొలువు దక్కిందన్న ధీమాతో వాదానికి వెనుకాడుతూ, చదువును జీవిక కోసమే వాడుకునేవాడు జ్ఞానాన్ని సరుకుగా అమ్మే వర్తకుడని అతడు భావిస్తాడు. పరిశీలనకు సిద్ధపడడం ఆచార్య గౌరవంలో భాగమని దీని సారం.

మూడవది ఆ పరీక్ష వెనుక ఉన్న ఉద్దేశం. రాణి ధారిణి దాచి ఉంచిన మాళవికను రాజు చూడడం కోసం విదూషకుడు పన్నిన ఉపాయంలో ఈ పోటీ ఒక భాగం. కౌశికి కూడా అందుకు అనుకూలంగానే నడుచుకుంటుంది. అంగసౌష్ఠవం కనిపించేందుకు పాత్రలు వేషభారం లేకుండా ప్రవేశించాలని ఆమె విధించిన నియమం శాస్త్రసమ్మతంగానే వినిపిస్తుంది, రాజు కోరికను కూడా నెరవేరుస్తుంది. గణదాసు శిష్యురాలైన మాళవిక ప్రదర్శన ముగియగానే మధ్యాహ్నవేళ అయినదని ప్రకటన వస్తుంది, హరదత్తుని వంతు వాయిదా పడుతుంది. రాజు కోరుకున్నది నెరవేరింది కనుక ఆ సభకు ఇక పని లేదు.

ప్రమాణం ఉత్తమమైనది, నిర్ణేత విదుషి, పరీక్ష పద్ధతి సమంజసం. అయినా ఆ సమీక్ష సమీక్షగా మిగలలేదు, ఎందుకంటే దాని ప్రయోజనం బోధనకు వెలుపల ఉంది. నేటి విశ్వవిద్యాలయాలు ఈ ఘట్టం నుంచి గ్రహించవలసిన హెచ్చరిక ఇదే.

6. ఆధునిక వికాసం

1990లో ఎర్నెస్ట్ బోయర్ అమెరికాలోని కార్నెగీ ఫౌండేషన్ తరఫున వెలువరించిన నివేదికలో పాండిత్యాన్ని నాలుగు విధాలుగా చూశాడు: ఆవిష్కరణ, సమన్వయం, అనువర్తనం, బోధన. బోధన కూడా పాండిత్యమే అయితే దానికి కూడా తోటి పండితుల విమర్శ ఉండాలనే ప్రశ్న సహజంగా ముందుకు వచ్చింది. 1993లో లీ షుల్మన్ ఒక వ్యాసంలో దీనికి సూటియైన రూపం ఇచ్చాడు. పరిశోధకుడిగా అధ్యాపకుడు ఒక సమాజంలో సభ్యుడు, తరగతి తలుపు మూసిన తరువాత ఒంటరివాడు. ఈ ఒంటరితనం పోవాలంటే బోధన విద్వత్సమాజపు ఉమ్మడి ఆస్తి కావాలి అనేది అతని వాదం.

1994లో అమెరికన్ అసోసియేషన్ ఫర్ హయ్యర్ ఎడ్యుకేషన్ పన్నెండు విశ్వవిద్యాలయాలతో ఈ ఆలోచనను ఆచరణలో పెట్టింది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో 'బోధనా సంపుటి' అనే సాధనం బలపడింది. ఒక పత్రం లక్ష్యాలు, వాటి కోసం ఎంచుకున్న బోధనా పద్ధతులు, విద్యార్థుల రచనల నమూనాలు, వాటిపై అధ్యాపకుని విశ్లేషణ ఈ సంపుటిలో ఉంటాయి. పరిశోధన వ్యాసాన్ని చదివినట్లే దూరాన ఉన్న సమీక్షకుడు కూడా దీనిని చదవగలడు.

బ్రిటన్‌లో డేవిడ్ గాస్లింగ్ 2002లో ఈ పరిశీలనలను మూడు నమూనాలుగా విభజించాడు. పైవారు కిందివారిని చూసి తీర్పు చెప్పేది మూల్యాంకన నమూనా. నిపుణుడు చూసి సలహా ఇచ్చేది వికాస నమూనా. సమానులు ఒకరినొకరు చూసి చర్చించుకునేది సహసమీక్ష నమూనా. పేరు మూడవదైనా ఆచరణ మొదటిదిగా మారిపోవడం ఏ సంస్థలోనైనా జరగగల ప్రమాదం.

కృష్ణపట్నం రేవు నుంచే ఈ భేదానికి ఒక పోలిక తీసుకోవచ్చు. రేవుకు వచ్చిన ఓడలోకి పైలట్ ఎక్కుతాడు, కస్టమ్స్ అధికారి కూడా ఎక్కుతాడు. పైలట్‌కు ఆ రేవు లోతులు, ప్రవాహాలు తెలుసు. అతడు దారి చెబుతాడు. ఓడ మీద అధికారం, బాధ్యత కెప్టెన్‌కే ఉంటాయి. కస్టమ్స్ అధికారి సరుకు చూసి అనుమతిస్తాడు లేదా ఆపుతాడు. ఇద్దరి పనీ అవసరమే. కాని పైలట్ వేషంలో కస్టమ్స్ అధికారి వస్తాడని అనుమానం కలిగితే ఏ కెప్టెనూ తన ఓడ లోపాన్ని పైలట్‌కు చెప్పడు. విద్యాపరిభాషలో మొదటిది నిర్మాణాత్మక మూల్యాంకనం, రెండవది సంగ్రహణాత్మక మూల్యాంకనం.

7. తీరప్రాంత తరగతులలో సమీక్ష

సమీక్షకుడు వాస్తవంగా ఏమి చూస్తాడనే విషయం రెండు ఊహాత్మక తరగతుల ద్వారా వివరించవచ్చు.

7.1 జీవశాస్త్ర తరగతి: పాఠం రొయ్యలలో ద్రవాభిసరణ క్రమత. అధ్యాపకుడు నిర్వచనం చెప్పి, పటం గీసి, మొప్పల పాత్రను వివరించాడు. విద్యార్థులు రాసుకున్నారు. పరిశీలకుడు వెనుక వరుసలో కూర్చుని ఉన్నాడు. ఆ వరుసలో ఒక విద్యార్థి కుటుంబానికి వనామీ గుంటలున్నాయి. పెద్ద వాన పడితే గుంటలో ఉప్పదనం తగ్గుతుందని, రొయ్య నీరసిస్తుందని అతనికి చిన్ననాటి నుంచి తెలుసు. పుస్తకంలోని క్రమత, ఇంటి దగ్గరి వాన ఒకే విషయమని అతనికి తట్టలేదు, ఎవరూ తట్టించలేదు. పరీక్షలో అతడు నిర్వచనం తప్పు లేకుండా రాస్తాడు. వాన కురిసిన రాత్రి గుంట దగ్గర ఆ నిర్వచనం అతనికి అక్కరకు రాదు.

అదే శాస్త్రం తెలిసిన సమీక్షకుడు ఇక్కడ చేయగల సూచన చిన్నది: నిర్వచనానికి ముందే వాన ప్రశ్న అడగాలి. షుల్మన్ 1980లలో ప్రతిపాదించిన 'విషయ బోధనా జ్ఞానం' ఇదే. విషయం తెలియడం వేరు, బోధనా పద్ధతులు తెలియడం వేరు, ఈ విషయాన్ని ఈ విద్యార్థులకు ఏ ఉదాహరణతో తెరవాలో తెలియడం వేరు. రొయ్యల గుంటలను రోజూ చూసే ముత్తుకూరు అధ్యాపకుడు కాకుటూరు తరగతికి సమీక్షకుడైతే ఈ జ్ఞానం ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు చేరుతుంది. ఇద్దరి పదోన్నతులూ వేర్వేరు వ్యవస్థలలో ఉన్నందువల్ల ఒకరి వ్యాఖ్య మరొకరి ఉద్యోగానికి అడ్డురాదు.

7.2 తెలుగు తరగతి: పాఠం తిక్కన ఉద్యోగపర్వంలోని శ్రీకృష్ణ రాయబారం. నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్న కవి కనుక విద్యార్థులకు ఆయన పేరు సుపరిచితం. అధ్యాపకుడు పద్యాన్ని శ్రావ్యంగా చదివి, ప్రతిపదార్థం, తాత్పర్యం, అలంకారం, ఛందస్సు చెప్పాడు. మధ్యలో మూడుసార్లు "అర్థమైందా?" అని అడిగాడు. మూడుసార్లూ తరగతి "అర్థమైంది సార్" అన్నది.

పరిశీలకుడు ఈసారి సముద్ర జీవశాస్త్ర అధ్యాపకుడు అనుకోవచ్చు. సమాసాల విషయంలో తీర్పు చెప్పే అధికారం అతనికి లేదు. కాని గంటలో తరగతిని అడిగిన ప్రశ్న ఒక్కటేనని, దానికి వచ్చిన జవాబు కూడా ఒక్కటేనని అతడు గమనించగలడు. ప్రతిపదార్థం రాసుకుంటున్నంతసేపు విద్యార్థులు తల ఎత్తలేదని, పద్యం చదివినప్పుడు మాత్రం అందరూ ఎత్తి చూశారని కూడా గమనించగలడు. ఈ రెండవ గమనిక తెలుగు అధ్యాపకునికి చాలా విలువైనది. ధృతరాష్ట్రుని సభలో శ్రీకృష్ణుడు ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతూ ఎవరికి వినిపించదలచాడో విద్యార్థుల చేతనే పద్యం నుంచి చెప్పించే అవకాశం ఆ శ్రద్ధలోనే ఉంది.

ప్రశ్న అడిగిన తరువాత ఆగడం గురించి మేరీ బడ్ రో 1974లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ ప్రస్తావనార్హం. ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగి, తామే జవాబు చెప్పడమో మరొకరిని అడగడమో చేస్తున్నారని, ఆ విరామం మూడు సెకన్లకు పెరిగితే విద్యార్థుల జవాబులు నిడివిలోనూ ఆలోచనలోనూ మెరుగవుతున్నాయని ఆమె చూపింది. బోధిస్తున్న వ్యక్తికి తన విరామం తెలియదు. పక్కన కూర్చున్నవారికి గడియారం చూస్తే తెలుస్తుంది.

8. ఆచరణ విధానం

సహాధ్యాపక సమీక్ష సాధారణంగా మూడు దశలలో జరుగుతుంది.

8.1 పూర్వ సమావేశం: ఏ తరగతిని, ఎప్పుడు, ఏ అంశం కోసం చూడాలో బోధించే అధ్యాపకుడే నిర్ణయిస్తాడు. 'నా తరగతి ఎలా ఉందో చూడండి' అనడం కంటే 'వెనుక వరుసల వారు పాల్గొంటున్నారా చూడండి' అనడం ఉపయోగకరం. సమీక్షకుని ఎంపిక కూడా అతనిదే కావాలి.

8.2 పరిశీలన: సమీక్షకుడు చూసినదాన్ని మాత్రమే రాస్తాడు. 'విద్యార్థులకు ఆసక్తి లేదు' అనేది తీర్పు. 'ఇరవయ్యో నిమిషం తరువాత నలుగురు మాత్రమే రాసుకుంటున్నారు' అనేది గమనిక. తీర్పు మీద వాదం పుడుతుంది, గమనిక మీద ఆలోచన పుడుతుంది. మధ్యలో జోక్యం చేసుకోవడం, విద్యార్థుల ముందు వ్యాఖ్యానించడం కూడదు.

8.3 ఉత్తర సమావేశం: ఒకటి రెండు రోజులలో, ఏకాంతంగా జరగాలి. మొదట మాట్లాడవలసింది బోధించిన అధ్యాపకుడు. చివరకు మార్చదలచిన ఒకటి రెండు విషయాలు తేలితే చాలు. పది లోపాల జాబితా ఏ ఒక్కదాన్నీ సరిచేయనివ్వదు. గమనికల కాగితం బోధించిన అధ్యాపకుని వద్దనే ఉంటుంది. సమీక్ష జరిగిందన్న విషయం మాత్రమే శాఖ రికార్డులో ఉంటుంది.

దీనికి తోడుగా సెమిస్టరుకు ఒకసారి, ఒక ప్రశ్నకు విద్యార్థులు రాసిన కొన్ని జవాబుపత్రాలను పేర్లు తొలగించి ఇద్దరు అధ్యాపకులు కలిసి చదవవచ్చు. స్పాట్ వాల్యుయేషన్‌లో వృథా అవుతున్న సాక్ష్యం ఈ విధంగా బోధనకు తిరిగి వస్తుంది.

9. అభ్యంతరాలు, పరిమితులు

మొదటి అభ్యంతరం సమయానిది. పోస్టులు ఖాళీగా ఉన్న శాఖలలో ఒక్కొక్కరి మీద బోధన భారం ఎక్కువ. సెమిస్టరుకు ఒక తరగతి చూడడం, ఒక తరగతి చూపడం, రెండు సమావేశాలు కలిపి నాలుగైదు గంటలకు మించవు. అయినా ఆ గంటలను పనిభారంలో లెక్కించకపోతే అది ఉత్సాహవంతుల వేడుకగా మిగిలి రెండేళ్ళలో ఆగిపోతుంది.

రెండవది తీవ్రమైనది. కాంట్రాక్టు, అతిథి అధ్యాపకుల ఉద్యోగం ఏటా పునరుద్ధరణ మీద ఆధారపడి ఉంటుంది. శాఖలో సీనియారిటీ, వర్గం, కులం, వ్యక్తిగత విభేదాలు లేవనుకోవడం అమాయకత్వం. ఇటువంటి చోట పరిశీలన నివేదిక అధికారుల బల్ల మీదికి వెళితే అది సాధనం కాదు, ఆయుధం. అగ్నిమిత్రుని సభలో జరిగినట్లే ప్రమాణాలు శాస్త్రీయంగా కనిపిస్తాయి, ప్రయోజనం మరొకటి అవుతుంది. దీనికి పరిష్కారం ఆరంభంలోనే ఉంది: మొదట తలుపులు తెరవవలసింది సీనియర్ ఆచార్యులు. ఆచార్యుని తరగతిలో అతిథి అధ్యాపకుడు కూర్చుని గమనికలు రాసి, వాటిని ఆచార్యుడు సావధానంగా విన్న శాఖలో మాత్రమే ఈ పద్ధతికి నమ్మకం ఏర్పడుతుంది.

మూడవది మర్యాద సమస్య. తోటివారిని నొప్పించకూడదనే సంస్కారం వల్ల 'చాలా బాగుంది సార్' అనే మాటతో సమావేశం ముగిసిపోవచ్చు. తీర్పు అడగకుండా గమనిక అడగడమే దీనికి విరుగుడు. 'ఎలా ఉంది?' అనే ప్రశ్నకు పొగడ్త వస్తుంది. 'ఎంతమంది మాట్లాడారు?' అనే ప్రశ్నకు సంఖ్య వస్తుంది.

నాలుగవది, పరిశీలకుడు ఉన్న రోజు తరగతి సహజంగా ఉండదనే వాదం. ఇది నిజమే. అందువల్లనే ఒక్క పరిశీలన మీద తీర్పు చెప్పడం అన్యాయం. పరస్పర పరిశీలన అలవాటయ్యే కొద్దీ ఈ కృత్రిమత తగ్గుతుంది.

10. ముగింపు

1. ప్రస్తుత నిబంధనలు పరిశోధనను తోటివారి తీర్పుతో, బోధనను తరగతుల సంఖ్యతో కొలుస్తున్నాయి. బోధన నాణ్యత ఈ రెండింటి మధ్య కనిపించకుండా పోతున్నది.

2. స్పాట్ వాల్యుయేషన్, అకడమిక్ ఆడిట్, న్యాక్ పీర్ టీమ్, సూక్ష్మబోధన వంటి పరిశీలనా రూపాలు ఇప్పటికే ఉన్నాయి. విశ్వవిద్యాలయ అధ్యాపకుని నిత్య బోధనకు మాత్రం ఇవి పూర్తిగా చేరడం లేదు.

3. మంచి ప్రమాణం, పండితుడైన నిర్ణేత ఉన్నంత మాత్రాన సమీక్ష నిజాయితీగా ఉండదు. దాని ప్రయోజనం బోధనే అయి ఉండాలని మాళవికాగ్నిమిత్ర ఘట్టం తెలుపుతున్నది. కనుక సహాధ్యాపక సమీక్షను పదోన్నతికి, ఉద్యోగ పునరుద్ధరణకు ముడిపెట్టరాదు.

4. ఒకే శాస్త్రం వారు విషయ బోధనా జ్ఞానాన్ని, వేరే శాస్త్రం వారు విద్యార్థి దృష్టిని అందించగలరు. కృష్ణపట్నం తీరంలో మత్స్యశాస్త్రం, సముద్ర జీవశాస్త్రం, తెలుగు కొద్ది దూరంలోనే బోధింపబడుతున్నందున రెండు విధాల సమీక్షకూ అవకాశం ఉంది. వేర్వేరు వ్యవస్థల అధ్యాపకులు కావడం వల్ల భయం కూడా తక్కువ.

5. సీనియర్ల తరగతులతో ప్రారంభించడం, సమీక్షకుని ఎంపికను బోధించేవారికే విడిచిపెట్టడం, గమనికలను గోప్యంగా ఉంచడం, వెచ్చించిన గంటలను పనిభారంలో లెక్కించడం – ఈ నాలుగు నియమాలతో ఏ శాఖ అయినా అదనపు నిధులు లేకుండానే ఒక సెమిస్టరులో దీనిని ఆరంభించవచ్చు. పాఠ్యగ్రంథ భాషకు కొత్తవారైన తొలితరం విద్యార్థులున్న తరగతులలో దీని అవసరం మరింత ఎక్కువ.